పసుపు గీత

పోయిన వారం మనం ఎర్ర కారుని, చక్రాలు తిరిగినా బండి కదలకుండా ఉంచే రోలర్ల మీదికి ఎక్కించి, నాలుగు మూలలా పట్టీలు బిగించి, అక్కడే వదిలేసి వెళ్ళిపోయాం. పాపం, మన లెక్కలో అది వారం రోజులుగా అలాగే ఉంది. కారుకేం, ఓపిక ఎక్కువ. ఓపిక లేనిది గ్రాఫమ్మకే.

కథ మధ్యలో వచ్చినవారి కోసం నాలుగు ముక్కలు. గ్రాఫమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఇంజన్‌కి లాగర్ తగిలించి, అది పంపే అంకెలన్నిటినీ ల్యాప్‌టాప్‌లో రంగురంగుల గీతలుగా పరిచి, ఏ గీత ఎక్కడ వంకర పోయిందో పట్టుకోవడం ఆమె పని. ఆ పేరు పెట్టింది ఆమె అక్క మొగుడు. ఆమె ఆయన్ని బావ అంటుంది కాబట్టి మనమూ బావ అనే అందాం. కొండ రేసుల్లో కారు తోలడం బావ పని. విప్పడం, బిగించడం, మధ్యమధ్యలో విసుక్కోవడం వర్క్‌షాప్ సొంతదారైన బాబాయి పని. ఎర్ర కారుకి ఈ ఏడే సూపర్‌ఛార్జర్ పెట్టారు. అంటే ఇంజన్ తన బెల్టుతో తానే తిప్పుకునే గాలి పంపు. మామూలుగా పీల్చుకునే దానికంటే ఎక్కువ గాలిని బలవంతంగా లోపలికి కుక్కుతుంది. దాంతో బలం పెరుగుతుంది, చూసేవాళ్ళకి భయమూ పెరుగుతుంది.

ఆదివారం రేసు. కానీ పరీక్షకని కొండ ఎక్కించినప్పుడల్లా ఎక్కడో ఒకచోట కారు ఉన్నట్టుండి ఊపిరి వదిలేస్తోంది. రెండు మూడు క్షణాలు, అంతే. తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్ళీ లాగుతుంది. ఒకసారి లోయ పక్క వంపులో అలా అయింది. ముందు చక్రం రోడ్డు అంచు దాటి మట్టిలో గీసుకుంటూ వెళ్ళి మళ్ళీ పైకెక్కింది. బావ నవ్వుకుంటూ కిందికి దిగాడు. ఆ చక్రం జాడ చూసొచ్చిన గ్రాఫమ్మ మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అప్పట్నుంచీ ఆమెకి అదే ధ్యాస. లోపలికి ఎంత గాలి కుక్కుతోందో చెప్పే బూస్ట్ గీత టక్కున పడిపోతోంది కదా, బెల్టు జారుతోందేమో అనుకుంది. బాబాయి బెల్టు మార్చి, "ఇంక చూస్కో అమ్మడూ, గుర్రమే" అన్నాడు. గుర్రం మర్నాడే చతికిలబడింది. పెట్రోలు సరిగా అందట్లేదేమో అనుకుంది. అంత గాలి కుక్కుతున్నప్పుడు దానికి తగ్గ పెట్రోలు పడకపోతే లోపల మంట అదుపు తప్పి పిస్టన్ కరిగిపోతుంది. పంపు మార్చారు, ప్లగ్గులు మార్చారు, బాబాయి నోట మంచి మాట రావడం పూర్తిగా మానేసింది.

చివరికి తప్పు థ్రాటిల్ మీదికి వచ్చింది. ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలో తెరుచుకుని మూసుకునే చిన్న పళ్ళెం లాంటిది అది. ఈ కాలం కార్లలో దానికీ మన కాలికీ మధ్య తీగ ఉండదు. పెడల్ ఎంత నొక్కామో కంప్యూటర్ చూసుకుని, మోటారుతో ఆ పళ్ళేన్ని తెరుస్తుంది. బండి చతికిలబడిన ప్రతిసారీ ముందుగా పడుతున్నది ఆ పళ్ళెం తాలూకు పచ్చ గీతే. దొంగ దొరికాడనుకున్నారు. కొత్త థ్రాటిల్ వేశారు. నిన్న కొండ మీద కొత్తదీ మూసుకుంది.

ఇంకో విచిత్రం ఉంది. బాబాయి రోలర్ల మీద ఎన్నిసార్లు తొక్కినా ఈ రోగం రాదు. బావ కొండ మీద తోలితేనే వస్తుంది. అంటే కొండలోనే ఏదో ఉందని అందరూ తీర్మానించేశారు. కుదుపులు అన్నారు, ఎండ అన్నారు, వంపుల్లో ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకి ఒరుగుతోందన్నారు. కొండ కాక ఇంకో తేడా కూడా ఉందని ఆ తెలివైనవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

తెలివైనవాళ్ళు అని ఊరికే అనలేదు నేను. ఈ తప్పు తెలియనివాళ్ళు చేసేది కాదు. లాగర్‌కి ఒక గుణం ఉంది. ఎన్ని ఎక్కువ సంగతులు అడిగితే అంత తాపీగా చెబుతుంది. తక్కువ అడిగితే వెంటవెంటనే చెబుతుంది. క్షణంలో వచ్చి పోయే రోగం కదా, వేగంగా చెప్పాలని గ్రాఫమ్మ మొదటి రోజే అక్కర్లేని గీతలన్నీ తీసేసింది. అన్నిటికంటే ముందు తీసేసింది పెడల్ గీత. పెడల్ అంటే బావ కాలు. పన్నెండేళ్ళుగా కొండలెక్కుతున్న కాలు. దాన్ని ఎవరైనా అనుమానిస్తారా?

ఆ మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ ఉండగా ఆమెకి ఆ సంగతి గుర్తొచ్చింది. పళ్ళెం తనంతట తాను మూసుకోదు. కంప్యూటర్ మూసుకోమంటే మూసుకుంటుంది. కంప్యూటర్ తనకు తానుగా మూయించే సందర్భాలు ఏమేమున్నాయో అన్నీ వెతికి చూసింది. ఒక్కటీ నిజం కాలేదు. మరి కంప్యూటర్‌కి చెప్పింది ఎవరు? కొళాయి కట్టేసి, తడి చేతులతోనే వెళ్ళి పెడల్ గీతని మళ్ళీ చేర్చింది. పసుపు రంగు ఇచ్చింది. ఏమీ ఉండదులే, ఊరికే చూద్దాం అనుకుంది. అలా అనుకోవడం ఆమెకి అవసరమైంది.

రోలర్ల గది పక్కనే అద్దాల గది. గ్రాఫమ్మ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే అద్దంలోంచి కారు, కారులో మనిషి ఎదురుగా కనిపిస్తారు. ఇంజన్ మోతలో మాటలు వినపడవు కాబట్టి ఇద్దరూ చెవులకి హెడ్‌సెట్లు పెట్టుకుంటారు. కారు ముందు నిలువెత్తు ఫ్యాను, వెనక పొగగొట్టానికి తగిలించిన లావుపాటి గొట్టం, గది నిండా వేడెక్కిన రబ్బరు వాసన. ఎప్పుడూ సీట్లో కూర్చునే బాబాయి ఆ రోజు నడుం పట్టేసిందని మూలుగుతున్నాడు.

"నేను కూర్చుంటాలే బాబాయ్, నువ్వు లే" అన్నాడు బావ. "ఇది ఎక్కడ చస్తుందో నా ఒంటికి తెలుసు."

"నీ ఒంటికి తెలిస్తే ఇన్ని రోజులు నా ఒంటిని ఎందుకు చంపారురా?" అంటూ బాబాయి లేచాడు. "ఆ నీళ్ళ గొట్టం క్లిప్పు వదులైంది. సందు చివర కొట్లో తెచ్చుకొస్తా. నేనొచ్చేదాకా పేల్చేయకండి."

బాబాయి వెళ్ళాక బావ ఇంజన్ స్టార్ట్ చేశాడు. సూపర్‌ఛార్జర్ సన్నగా కూత అందుకుంది. ఆ రోజు పని దూకించడం కాదు, నిలబెట్టడం. ఒక వేగం దగ్గర పెడల్ కదలకుండా పట్టుకుంటే, రోలర్లు ఎదురు లాగుతుంటే, ఆ ఒక్క చోట పెట్రోలు ఎంత పడాలో గ్రాఫమ్మ సరిచేస్తుంది. అది అయ్యాక ఇంకో వేగం. చూసేవాళ్ళకి నిద్రొచ్చే పని. అందుకే బావ హెడ్‌సెట్‌లో కబుర్లు మొదలుపెట్టాడు.

"మీ అక్కని ఆదివారం కొండ మీదికి రానివ్వొద్దమ్మా. చెవిలో జోరీగలా ఒకటే పాట. రెండు మాటలకోసారి 'వింటున్నావా?' అంటుంది. కూర బావుందా అని అడిగి 'వింటున్నావా?', చెప్పులు ఎక్కడున్నాయో చెప్పి 'వింటున్నావా?'. నాకేమన్నా చెవుడా?"

"నువ్వు వినవు కాబట్టి అడుగుతుంది. కొంచెం పెంచు. ఆఁ, అక్కడే. కదపకు."

"ఇంకోటి, ఆ విటమిన్ మాత్ర. పొద్దున్నే అది మింగితే తప్ప గుమ్మం దాటనివ్వదు. మందుల కొట్టున్న పెళ్ళాన్ని చేసుకుంటే ఇదే గతి. అది వేసుకుంటే నాకు మత్తుగా ఉంటుందే బాబూ. రేసు దగ్గరికొచ్చింది కదా, కొండ పరీక్షలు మొదలైన దగ్గర్నుంచీ దాన్ని చల్లగా కుండీలో పారేస్తున్నా. నువ్వు చెప్పకు సుమా."

"చెప్తే నాకేంటి?" అని నవ్వింది గ్రాఫమ్మ. కళ్ళు మాత్రం గీతల మీదే ఉన్నాయి. అన్నీ తిన్నగా ఉన్నాయి, ఎరుపు, నీలం, పచ్చ. పసుపూ అంతే.

"చెప్తే ఏముంది, మళ్ళీ అదే పాట. మొన్న పాపని స్కూల్లో నేను దింపుతానంటే కూడా వద్దని పట్టుబట్టి వ్యాన్ పెట్టించింది. కొండలెక్కేవాడికి స్కూలు వీధి తోలడం రాదా? ఆ వ్యాన్ డ్రైవర్ని చూశావా నువ్వు, వాడసలు..."

మాట ఆగింది.

పసుపు గీత జారింది. టక్కున కాదు, పట్టు వదిలేసిన చెయ్యి జారినట్టు జారి అడుక్కి వెళ్ళి ఆగింది. దాని వెనకాలే, వెంట్రుకవాసి తేడాతో, పచ్చ గీత పడింది. తర్వాత బూస్ట్ తాలూకు నీలం. కూత సన్నగిల్లిపోయింది. గ్రాఫమ్మ ముందు తెరనే చూసింది, అలవాటు కొద్దీ. ఆ తర్వాత తలెత్తింది.

బావ సీట్లోనే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎదురుగా తిరుగుతున్న ఫ్యాను వైపే చూస్తున్నాడు, కానీ ఆ చూపు దేని మీదా ఆగలేదు. పెదవులు ఏదో చప్పరిస్తున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. కుడిచేతి బొటనవేలు స్టీరింగ్‌ని రుద్దుతోంది, అదే చోట, అదే పనిగా.

"బావా!"

పలకలేదు.

"బావా, వింటున్నావా?" అంది. అక్క మాట తన నోట్లోంచి వచ్చిందని ఆమెకి అప్పుడు తట్టలేదు. లేచి తలుపు వైపు అడుగు వేసేలోగా కూత మళ్ళీ అందుకుంది. పసుపు గీత పైకి లేచి, మొదట ఉన్న చోటికంటే కొంచెం పైన కుదురుకుంది.

"చూశావా!" అన్నాడు బావ హెడ్‌సెట్‌లో, సంబరంగా. "మళ్ళీ చచ్చింది! నేను చెప్పలా, ఇది నా చేతిలోనే చస్తుందని? దొరికిందా? ఏ గీత?"

గ్రాఫమ్మ మైకు దగ్గరికి లాక్కుంది.

"ఇంజన్ ఆపు బావా. ఆపి ఇటు రా."

బావ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అద్దాల గదిలోకి వచ్చాడు. హెడ్‌సెట్ మెడలోనే వేలాడుతోంది. కొత్త రోగం పేరు వినబోతున్న ఉత్సాహం మొహం మీద కనిపిస్తోంది. గీతలు చదవడం ఆయనకీ వచ్చు. ఇన్నేళ్ళు తోలినవాడికి రాకుండా ఎలా ఉంటుంది? గ్రాఫమ్మ కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుని, తెర చూపించింది.

"ఈ పసుపుది ఏంటి? కొత్తగా ఉంది."

"పెడల్."

బావ వంగి చూశాడు. పసుపు ముందు, పచ్చ వెనక. ఒకసారి చూసి, వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. తర్వాత నడుం నిటారుగా చేసుకుని, "అయితే పెడల్ సెన్సార్ పోయింది. మార్చెయ్. దీనికింత మొహం ఎందుకు పెట్టావు?" అన్నాడు.

"పెడల్లో రెండు సెన్సార్లుంటాయి బావా. ఒకటి పాడైతే రెండోది చెప్పేస్తుంది, కంప్యూటర్ గోల పెడుతుంది. ఇదుగో, రెండూ ఒక్కలాగే పడ్డాయి."

"రెండూ ఒకేసారి పోకూడదా?"

"పోవచ్చు. కానీ నేను రెండుసార్లు పిలిచాను. నువ్వు పలకలేదు. పిలిస్తే పలకాల్సింది సెన్సార్ కాదు కదా."

"నువ్వెప్పుడు పిలిచావు?"

ఆ ప్రశ్న ఎకసెక్కంగా అడిగి ఉంటే ఎంత బావుండేది! బావ నిజంగానే అడిగాడు. ఆయనకి తెలియదు. గ్రాఫమ్మకి కళ్ళు చెమర్చాయి, ఆ చెమ్మ కనపడకుండా ల్యాప్‌టాప్ వైపు తిరిగింది.

"వ్యాన్ డ్రైవర్ గురించి చెబుతున్నావు. 'వాడసలు' అన్నావు. వాడసలు ఏంటి?"

"వ్యాన్ డ్రైవరా?" బావ నుదురు చిట్లించాడు. "నేను మీ అక్క సంగతి కదా చెబుతున్నా, మాత్ర గురించి."

అవతల వేడెక్కిన లోహం చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది.

"కునుకు పట్టి ఉంటుంది" అన్నాడు చివరికి. "రాత్రి సరిగా నిద్ర లేదు. ఈ ఫ్యాను గాలికి... ఎవరికైనా పడుతుంది. దీనికి పెద్ద పేరు పెట్టకు."

అది నిజమైతే బావుండునని ఆమెకీ ఉంది. ఒప్పేసుకుని, కాఫీ తాగి రా అని పంపేస్తే ఎంత సుఖం! కానీ చేతులు అప్పటికే పాత ఫైళ్ళు తెరుస్తున్నాయి. వాటిలో పసుపు లేదు, తనే తీసేసింది. పచ్చ ఉంది. కొండ మీది పచ్చ గీతలన్నిటినీ ఒకదాని కింద ఒకటి పరిచింది. ఇన్నాళ్ళూ వాటిలో మోటారు తప్పు వెతికింది, ఆకారం చూడలేదు. ఇప్పుడు చూస్తే అన్నిటిదీ ఒకటే ఆకారం. జారడం, అడుగున కదలకుండా ఉండడం, మళ్ళీ లేచేటప్పుడు కొంచెం ఎక్కువ లేవడం.

"ఇవన్నీ నువ్వు తోలినవి. ఇవి బాబాయి తోలినవి." రెండో వరస పక్కన పెట్టింది. "బాబాయి వాటిలో ఒక్కటి కూడా లేదు బావా. ఇంజన్ ఒకటే, పెట్రోలు ఒకటే."

"అంటే ఏమంటావు? నాకు పిచ్చంటావా?" బావ ఒంటికాలి మీద లేచాడు. "పన్నెండేళ్ళు! నువ్వు స్కూలుకెళ్ళే రోజుల్నుంచీ నేను ఆ కొండ ఎక్కుతున్నా! బండిలో తప్పు దొరక్క నా మీద తోస్తున్నావా? దొరకలేదంటే దొరకలేదను, అంతే గానీ..."

"దొరికింది బావా. దొరకకపోతే బావుండేది."

ఆ మాటతో బావ అరుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. తెర వైపు చూశాడు. వేలితో ఒక గీత చూపించాడు, ముట్టుకోకుండా.

"ఇది ఆ లోయ పక్క వంపా?"

"అవును."

బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తువ్వాలుని రెండు చేతులతో మెలిపెట్టాడు. మాట్లాడినప్పుడు ఆ గొంతు బావది కాదేమో అనిపించింది.

"వంపులోకి వెళ్ళడం గుర్తుంది. చక్రం మట్టిలోంచి పైకెక్కడం గుర్తుంది. మధ్యలో ఏముందో గుర్తులేదు నాకు. అంత వేగంలో ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నా. బండి ఆగింది, నేను కాదనుకున్నా." తువ్వాలు మెలి వదిలాడు. "ప్రతిసారీ అలాగే అనుకున్నా."

గ్రాఫమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే తనని ఎత్తుకుని ఇంటికి తెచ్చిన భుజం అది. బావ ఆ చెయ్యి తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

"డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ఇవాళే. నేనొస్తా" అంది.

"సోమవారం వెళ్దాం."

"ఇవాళ."

"సోమవారం అంటున్నాగా! ఆదివారం దాటనీ. అప్పటిదాకా ఈ మాట ఈ గది దాటకూడదు. మీ అక్కకి అసలు చెప్పకు. అది ముందే భయస్తురాలు. వింటే మంచం పడుతుంది."

"ఆదివారం నువ్వు కారెక్కవు బావా."

"ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నా."

"నువ్వెవరమ్మా చెప్పడానికి? గీతలు గీసుకునేదానివి. కారు తోలేది నేను." నోట్లోంచి వచ్చేసింది ఆ మాట. వచ్చాక ఆయనకే కష్టంగా అనిపించినట్టుంది, చూపు తిప్పుకున్నాడు. కానీ వెనక్కి తీసుకోలేదు.

గ్రాఫమ్మ కుర్చీ వెనక్కి నెట్టింది. లేచి రోలర్ల గదిలోకి వెళ్ళింది. కారు డోరు తెరిచి, తాళంచెవి లాగి, జేబులో వేసుకుని తిరిగొచ్చింది. మనసులో ఎక్కడో కొంచెం ధైర్యం వచ్చింది. తాళం తన దగ్గరుంది, కారు నేలకి కట్టేసి ఉంది. ఇంక ఎక్కడికీ పోలేడు అనుకుంది.

బావ ఆ జేబు వైపు చూశాడు. మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. గోడ గడియారం వైపు చూశాడు. ఎందుకు చూశాడో ఆమె గమనించి ఉండాల్సింది.

"బావుంది" అన్నాడు, చాలా నెమ్మదిగా. "చిన్నపిల్లాడి దగ్గర్నుంచి బొమ్మ లాక్కున్నట్టు లాక్కున్నావు. బావుంది. నేను బయట గాలి పీల్చుకుని వస్తా."

ఆపాలనిపించింది. కానీ అంత అవమానం పడ్డ మనిషిని కాసేపు ఒంటరిగా వదలడమే మర్యాద అనుకుంది. మర్యాదలు ఎప్పుడు పాటించాలో ఎప్పుడు గాలికొదిలెయ్యాలో మనకి ముందే తెలిస్తే సగం కథలు ఉండవు. ఆమె కూర్చుని, పసుపు గీతని మరోసారి వెనక్కి జరిపి, ఎక్కడ జారింది, ఎక్కడ లేచింది గుర్తు పెట్టింది. డాక్టర్‌కి చూపించాలి కదా.

బల్ల మీద తన హెడ్‌సెట్ గరగరమంది.

ఎవరో గొణుగుతున్నారు. తీసి చెవికి ఆనించుకుంది. బావ గొంతు. హెడ్‌సెట్ మెడలో వేసుకునే వెళ్ళిపోయాడు. "నాకేం కాలేదు" అంటున్నాడు తనలో తాను. "స్కూలు వదిలే టైమైంది. పాపని నేనే తెస్తా. స్కూల్నించి ఇంటికి, ఇంటినించి ఇక్కడికి. నేనే తోలి చూపిస్తా. అప్పుడు చూద్దాం ఏం గీతలు చూపిస్తుందో." తలుపు వేసిన చప్పుడు. బండి స్టార్ట్ అయిన చప్పుడు.

గ్రాఫమ్మ తల తిప్పి గుమ్మం పక్క గోడ వైపు చూసింది. వర్క్‌షాప్ సామాన్ల వ్యాన్ తాళం ఎప్పుడూ వేలాడే మేకు ఖాళీగా ఉంది.

పరిగెత్తింది. ఒంటిమీద స్పృహ లేకుండా పరిగెత్తింది. ఫ్యాను తీగకి కాలు తగిలి తూలి, గోడ పట్టుకుని, వాకిట్లోకి వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. తెల్ల వ్యాన్ సందు మలుపు తిరుగుతోంది. ఎంత జాగ్రత్తగా తిరిగిందంటే, సిగ్నల్ లైటు కూడా వేశాడు బావ. ఆ లైటు చూడగానే ఆమెకి ఏడుపొచ్చింది.

చేతిలో హెడ్‌సెట్ ఇంకా ఉంది. మైకు నోటి దగ్గరికి లాక్కుంది.

"బావా, ఆగు! తాళం ఇచ్చేస్తా. కారు ఇచ్చేస్తా. నువ్వు ముందు ఆగు. బావా, ప్లీజ్."

"...చిన్నదానివి, నీకేం..." అని వినిపించింది. తర్వాత గరగర. దూరం పెరుగుతోంది.

"బావా, వింటున్నావా?"

గరగర తప్ప ఏమీ లేదు. వినపడనంత దూరం వెళ్ళాడా, విని కూడా పలకలేదా, లేక మళ్ళీ అదేనా? ఆ మూడింట్లో ఏదో చెప్పే గీత ఆమె దగ్గర లేదు.

క్లిప్పు పొట్లంతో సందులోకి వస్తున్న బాబాయి ఆమెని చూసి, "ఏమైందే? మనోడు వ్యాన్ వేసుకుని ఎటు పోతున్నాడు? చెయ్యి ఊపితే చూడనైనా చూడలేదు" అన్నాడు.

ఆమె హెడ్‌సెట్ ఆయన చేతిలో పెట్టింది. గేటుని పట్టుకుని, ఒంటి చేత్తో ఫోన్ నొక్కింది. బావకి కాదు, తోలే మనిషికి ఫోన్ చేస్తే ఎత్తుతాడేమోనని భయం. అక్కకి చేసింది. భయస్తురాలు, మంచం పడుతుంది అన్న మాట చెవుల్లో మోగుతూనే ఉంది. కానీ స్కూలు అక్క షాపుకి దగ్గర. గేటు దగ్గర పాపని ఆపగలిగేది అక్కొక్కతే. ఎలా మొదలుపెట్టాలో, ఎంత మెత్తగా చెప్పాలో ఆమెకి తెలియలేదు.

"చెప్పవే" అంది అక్క. వెనక జనం సందడి. "కౌంటర్ దగ్గరున్నా, తొందరగా చెప్పు."

"అక్కా, కంగారు పడకు. బావ పాపని తేవడానికి బయల్దేరాడు, మన వ్యాన్‌లో. వెనక్కి పిలిచినా ఆగలేదు. నువ్వు స్కూలుకి వెళ్ళి పాపని ఎక్కనివ్వకు. ఎందుకంటే... ఇందాక రోలర్ల మీద ఉండగా ఒకటి జరిగింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయక్కా. పిలిస్తే పలకలేదు. తర్వాత ఏమీ తెలియనట్టు..."

అవతల మాత్రల పట్టీలు గలగలమన్నాయి. ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు. అన్నీ వినిపిస్తున్నాయి, అక్క గొంతు తప్ప. గ్రాఫమ్మ కళ్ళు మూసుకుంది. ఇప్పుడు ఏమైందని అరుస్తుంది, ఏడుస్తుంది, నీకు మతి పోయిందా అని తనని తిడుతుంది. దేనికైనా సిద్ధపడింది.

అక్క అరవలేదు, ఏడవలేదు. షట్టర్ కిందికి లాగిన చప్పుడు వినిపించింది.

"మాత్ర మానేశాడన్నమాట. ఈసారి ఎంతసేపు?" అంది.